పేరు తీసివేసిన రోగి మరుగగునా?

రోగి చెప్పిన మాట మూడవ చెవిని పడరాదను నియమము ప్రాచీన గ్రీకు వైద్యుల ప్రమాణములోనే కలదు. అప్పుడు రహస్యము వైద్యుని నోట నుండెడిది. ఇప్పుడు కంప్యూటరులో నున్నది.

ఆంధ్రప్రదేశ్‌లో చౌక మందులకై వెలసిన అన్న సంజీవని దుకాణముల ఉదంతము గమనింపదగినది. వాటి అమ్మకముల పట్టిక అంతర్జాలమున ఎవరికైనను కనబడుచున్నదని 2018 జూన్‌లో బయటపడినది. ఎన్ని మందులు అమ్ముడైనవో ప్రజలకు తెలియుట మేలే. కాని కొన్నవారి పేర్లు, ఫోను నంబర్లు, కొన్న మందు కూడ అందులో నుండెను! తాళము పగులగొట్టిన దొంగ ఎవడును లేడు. పట్టిక కూర్చినవారే తలుపు తెరచి యుంచిరి. ప్రభుత్వపు లెక్క కనబడవలసిన చోట రోగి కనబడినాడు.

పేరు తీసివేసిన చాలునని కొందరందురు. ఆ సమాధానము నిలువదు. 1997 ప్రాంతమున అమెరికాలో లతాన్యా స్వీనీ అను విద్యార్థిని, పేర్లు లేని ఆసుపత్రి పట్టికను 20 డాలర్లకు కొన్న ఓటర్ల జాబితాతో సరిపోల్చినది. పుట్టినతేది, స్త్రీయో పురుషుడో, తపాలా సంఖ్య - ఈ మూటితోనే మసాచుసెట్స్ గవర్నరు వైద్య వివరములు దొరికినవి. నగరములోనే ఇట్లయిన, అనంతపురము జిల్లా గార్లదిన్నె మండలపు పల్లెల మాట యేమి? ఊరిపేరు, వయస్సు 34, స్త్రీ, క్షయ అని వ్రాసిన చాలును. రచ్చబండపై కూర్చున్నవారికి ఓటర్ల జాబితాతో పనిలేదు.

ఇందు పోవునది పరువు మాత్రమే కాదు. సాధారణ క్షయకు మందులు సుమారు ఆరు మాసములు విడువక వాడవలెను. నలుగురికి తెలియునను భయమున నడుమ మానినచో సూక్ష్మజీవులు మందులకు లొంగకపోవచ్చును. అట్టి వ్యాధి ఇంటివారికిని సోకును. క్షయరోగుల వివరములను ప్రభుత్వమునకు తెలుపుట 2012 నుండి ప్రైవేటు వైద్యులకు కూడ విధి. ఆ నమోదు అవసరమే. కనుకనే దాని భద్రత మరింత అవసరము.

2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ కంప్యూటర్లు దాడికి గురికాగా, పని రోజుల తరబడి కాగితములపై సాగెను. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము చేయబడినది. కాని డాక్టరు, కాంపౌండరు, డబ్బు కట్టించుకొనువారు - అందరును ఒకే పాస్‌వర్డు వాడు చిన్న వైద్యశాలలో చట్టమొక్కటే ఏమి చేయగలదు? ఎవరి పాస్‌వర్డు వారికుండవలెను. డబ్బు తీసుకొనువారికి రుసుము కనబడిన చాలును, రోగముతో పనిలేదు. ఏ పుటను ఎవరు ఎప్పుడు తెరచిరో నమోదు కావలెను. ప్రతి యొకటి వేరొకచోట భద్రపరచవలెను. ఇక వరుసలోని నలుగురి ముందు "ఏమి జబ్బు?" అని గట్టిగా అడుగు అలవాటు కలదు, దానిని మానుటకు కంప్యూటరును అక్కరలేదు, ఖర్చును లేదు.