శని, ఆదివారాల్లో లండన్

విశాఖపట్నం నుంచి పై చదువులకు బ్రిటన్ వెళ్ళిన విద్యార్థికి ఆ దేశ రాజధానిని చూసే అవకాశం చాలావరకు శని, ఆదివారాల్లోనే దొరుకుతుంది. విద్యార్థి వీసా మీద డిగ్రీ చదివేవారు తరగతులు జరిగే కాలంలో వారానికి 20 గంటలకు మించి పని చేయకూడదు. ఆ కాస్త పార్ట్‌టైమ్ పనీ తరచుగా వారాంతంలోనే పడుతుంది గనుక, పని లేని రెండు రోజులు కలిసి రావడమే అరుదు. అలా కలిసి వచ్చినప్పుడు షెఫీల్డ్ నుంచో బర్మింగ్‌హామ్ నుంచో కోచ్ ఎక్కి, అంటే ముందుగా టికెట్ కొనుక్కుంటే రైలు కంటే చవకగా పడే దూరప్రాంతపు బస్సు ఎక్కి, సంచిలో పులిహోర డబ్బాతో విక్టోరియా కోచ్ స్టేషన్‌లో దిగడం పరిపాటి. ఇంత తక్కువ వ్యవధిలో ఒక మహానగరాన్ని చూడటం కూడా ఒక విద్యే, దానికీ సాధన కావాలి.

ఆ రెండు రోజుల్లో బిగ్ బెన్, లండన్ ఐ, బకింగ్‌హామ్ ప్యాలెస్ ముందు ఫోటోలు దిగి పరుగు పరుగున తిరగడం సాధారణంగా జరిగేది. ఇంటి దగ్గర అమ్మానాన్నలు ఆ ఫోటోల కోసం ఎదురుచూస్తారు గనుక వాటిని తక్కువ చేసి మాట్లాడటం న్యాయం కాదు. అయితే ఎవరి కన్నుకైనా పదును పెట్టేది వారు పుట్టి పెరిగిన ఊరు. ఓడరేవు, ఉక్కు కర్మాగారం, సముద్రం వైపు తిరిగిన బౌద్ధ క్షేత్రాలు ఉన్న ఊరి నుంచి వచ్చిన విద్యార్థి ఆ మూడింటి ఆనవాళ్ళను లండన్‌లో వెతుక్కుంటే, చూడవలసిన జాబితా దానంతట అదే చిన్నదవుతుంది, ఒక్కొక్క చోట నిలిచే సమయం పెరుగుతుంది. జాతీయ మ్యూజియంల శాశ్వత ప్రదర్శనలకు ప్రవేశ రుసుము లేదు గనుక ఈ పద్ధతి ఖర్చుతో కూడిన పని కూడా కాదు.

1886లో పని మొదలై 1894లో ప్రారంభమైన టవర్ బ్రిడ్జిని చూసి అది రాతి కట్టడమని పొరబడేవారు చాలామంది. పైకి కనిపించే గ్రానైటు, పోర్ట్‌ల్యాండ్ రాయి తొడుగు మాత్రమే. బరువు మోసేది లోపలి ఉక్కు చట్రం, అందులో వాడిన ఉక్కు 11,000 టన్నులకు పైమాట. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని బ్లాస్ట్ ఫర్నేసులకు పేర్లు పెట్టుకున్న ఉక్కునగరంలో పెరిగిన పిల్లలకు ఆ రాతి తొడుగు వెనుక ఏముందో తెలుసుకోవాలన్న కుతూహలం సహజంగానే కలగాలి. వంతెన నడిమి భాగం రెండు పలకలుగా విడిపోయి పైకి లేస్తుంది. వీటిని బాస్క్యూల్ అంటారు, అంటే ఇరుసుకు ఒక వైపు దారి, మరో వైపు ప్రతిబరువు ఉండి తూగుడుబల్లలా లేచే వంతెన పలక. ఒక్కొక్కటి 1,000 టన్నులు దాటిన ఆ పలకలను మొదట ఆవిరి యంత్రాల సాయంతో నీటి పీడనం లేపేది, 1976 నుంచి చమురు, విద్యుత్తు ఆ పని చేస్తున్నాయి. ఎగువ రేవులకు పెద్ద ఓడలు వెళ్ళే రోజుల్లో నగరానికి వంతెనా కావాలి, ఓడకు దారీ కావాలి గనుకే ఈ ఏర్పాటు అవసరమైంది. నేటికీ 24 గంటల ముందు చెప్పిన ఓడ కోసం రోడ్డు మీది వాహనాలన్నీ ఆగుతాయి. వంతెన లేచే వేళలను ముందే ప్రకటిస్తారు, వాటిని బట్టి వెళ్ళినవారికే ఈ కట్టడం నిజంగా కనిపించినట్టు.

తూర్పుగా కొంత దూరం వెళితే 1802లో తెరిచిన వెస్టిండియా డాక్స్ ఉన్నాయి. డాక్ అంటే నది ఆటుపోట్లతో సంబంధం లేకుండా నీటిమట్టాన్ని లాకు తలుపులతో నిలిపి ఉంచే కృత్రిమ జలాశయం, సరుకు దించే ఓడ అందులో నిశ్చలంగా నిలుస్తుంది. కంటైనర్లు వచ్చాక పెద్ద ఓడలు దిగువన టిల్‌బరీకి తరలిపోగా 1980లో ఈ డాకులు మూతబడ్డాయి, ఇప్పుడు అక్కడ కానరీ వార్ఫ్ బ్యాంకుల మేడలు నిలిచాయి. పాత చక్కెర గోదాములో నడుస్తున్న డాక్‌లాండ్స్ మ్యూజియం ఆ చక్కెర వెనుక ఉన్న బానిసల చెమటను, నెత్తురును దాచకుండా చూపుతుంది. 1933లో ప్రారంభమైన విశాఖ రేవుకు ఇసుక మేట వేయకుండా రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్ట చేసిన సంగతి తెలిసిన విద్యార్థికి, రేవు అనేది ప్రకృతి ఇచ్చిన వరమే కాదు, మనిషి నిత్యం కాపాడుకోవలసిన కట్టడమని ఇక్కడ మరోసారి అర్థమవుతుంది.

హైడ్ పార్కులో మార్బుల్ ఆర్చ్ దగ్గర విజయనగరం మహారాజు ధనంతో 1860లలో కట్టిన తాగునీటి ఫౌంటెన్ ఒకటి ఉండేది, దాన్ని 1964లో తొలగించారు. దానికోసం దారి మళ్ళవలసిన పని లేదు గానీ, ఉత్తరాంధ్ర వారు ఆ పార్కులో నడిచేటప్పుడు తలచుకోవలసిన విషయం.

ఆదివారం పూట మొత్తం కేటాయించవలసింది బ్రిటిష్ మ్యూజియంలోని 33ఏ గదికి. అది తెరిచి ఉండే వేళలు ముందే కనుక్కోవడం మంచిది. అక్కడ ఉన్నవి కృష్ణా తీరపు అమరావతి మహాస్తూపం శిల్పాలు. వాటిని అమరావతి పాలరాళ్ళని పిలవడం అలవాటైనా అది పలనాటి సున్నపురాయి. 18వ శతాబ్ది చివరలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టిస్తున్నప్పుడు, దిబ్బగా మారిన ఆ స్తూపంలోని రాళ్ళు బయటపడ్డాయి. సర్వేయర్ కాలిన్ మెకంజీ 1816 ప్రాంతంలో వాటి చిత్రాలు గీయించాడు. విశాఖపట్నం కూడా అంతర్భాగమైన ఉత్తర సర్కారులకు కమిషనర్‌గా పనిచేసిన వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించి మద్రాసు చేర్చిన శిల్పాలు 1859లో ఓడెక్కి లండన్ వెళ్ళాయి, 1880లో ఈ మ్యూజియానికి దక్కాయి. అవి అక్కడ ఉండటం తెలుగువారికి బాధ కలిగించే విషయమే, ఆ బాధ న్యాయమైనదే. అయినా ఆ గది ముందు నుంచి రెండు నిమిషాల్లో వెళ్ళిపోవడం ఆ బాధకు తగిన సమాధానం కాదు.

అన్నిటిలోకీ ఒక్క పలకను దగ్గరగా చూడాలి. అది స్తూపపు అండానికి, అంటే అర్ధగోళాకారపు గుమ్మటానికి, కింద ఉండే గుండ్రని పీఠానికి తొడిగిన రాయి. క్రీస్తుపూర్వం 1వ శతాబ్ది నాటి ముఖం మీద బోధివృక్షం కింద ఖాళీ ఆసనం, చుట్టూ చేతులు జోడించిన భక్తులు ఉన్నారు. బుద్ధుణ్ణి మనిషి రూపంలో చెక్కని కాలమది. సుమారు మూడు వందల ఏళ్ళ తరువాత అదే రాయిని తిప్పి, రెండో ముఖం మీద ఒక నిండు స్తూపాన్ని చెక్కారు. ద్వారం దగ్గర సింహాలు, పైన దండలు పట్టుకుని ఎగిరే దేవతలు, వరుసగా నిలిచిన అయిదు ఆయక స్తంభాలు, అంటే బుద్ధుని జీవితంలోని అయిదు ఘట్టాలకు గుర్తులుగా నిలిపే కంబాలు అందులో ఉన్నాయి. నడుమ బుద్ధుడు మనిషి రూపంలోనే నిలబడి ఉన్నాడు. ఒకే రాయికి ఇరువైపులా ఒక మతం తన ఆరాధ్యుణ్ణి తలచుకునే తీరు మారిపోవడం కనిపిస్తుంది. ఇది పుస్తకంలో చదివితే ఒక వాక్యం, రాయి చుట్టూ తిరిగి చూస్తే ఒక అనుభవం.

ఇలా చూసినది చూసిన రోజే రాసుకోవాలి. మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830, 1831 సంవత్సరాల్లో కాశీకి వెళ్ళి వస్తూ, మజిలీకి మజిలీకి మధ్య దూరం, బావి నీళ్ళ రుచి, సామాను దొరికే చోటు వరకు రాసి పెట్టాడు గనుకనే ఆయన యాత్రాచరిత్ర ఇప్పటికీ పనికివస్తోంది. వర్ణనల కంటే కొలతలు, పేర్లు, ధరలు ఎక్కువ కాలం నిలుస్తాయి. తిరుగు కోచ్‌లో కూర్చున్న నాలుగు గంటలు అందుకు చాలు.

ఇక విదేశానికి బయలుదేరే ముందో, సెలవులకు వచ్చినప్పుడో భీమిలి దారిలోని బౌద్ధ క్షేత్రం తొట్లకొండకు వెళ్ళడం ఈ విద్యలో భాగమే. 1976లో నౌకాదళం ఏరియల్ సర్వేలో బయటపడి, 1988 నుంచి 1992 వరకు తవ్వకాలు జరిగిన ఆ కొండ మీద స్తూపాల అడుగు భాగాలే మిగిలాయి. పై భాగం ఎలా ఉండేదో ఊహించడానికి అమరావతి పలక మీది నిండు స్తూపం ఆధారమిస్తుంది. స్తూపం చుట్టూ ప్రదక్షిణం చేసే భిక్షువు ఎంత దూరం నడిచేవాడో, ఆ నడకలో సముద్రం ఎన్నిసార్లు కంటపడేదో లండన్‌లోని అద్దాల గది చెప్పలేదు, అది తొట్లకొండ మీదే తెలుస్తుంది.