ఇంటి మీటరు, వ్యాపారపు కారు: ఒక లెక్కపై విమర్శ

విద్యుత్ కారునకు కిలోమీటరుకు ఒక రూపాయి ఖర్చగునను మాట వినని వారు నేడు అరుదు. కారు అమ్మువారు దానిని చెప్పుచున్నారు, కొన్నవారు నమ్ముచున్నారు. వ్యాపారము కొరకు కారు నడుపువారు ఆ రూపాయినే ఖాతా పుస్తకములోనికి ఎక్కించుచున్నారు. ఈ రూపాయి ఎట్లు పుట్టినది? రాయలసీమ ఎండలలో అది నిలుచునా? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము ఎనిమిదవ తరగతి గణితముతోనే దొరకును. అయినను ఆ లెక్క చేసి చూచువారు తక్కువ.

కర్నూలులో కాపురముండి, మందుల కంపెనీ పనిమీద నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరుల మీదుగా కడప వరకు తిరుగు ఒక ఉద్యోగిని ఊహింతము. కారు అతని సొంతము. నెలకు 1,200 కిలోమీటర్లు నడచును. అందులో 900 కంపెనీ పనికి, 300 ఇంటి పనులకు. రాత్రివేళ ఇంటిముందు 15 ఆంపియర్ల ప్లగ్గుకు తగిలించి కారును చార్జి చేయును. నూరు కిలోమీటర్లకు గోడ ప్లగ్గునుండి 15 యూనిట్లు పట్టునని అనుకొన్నచో, నెలకు కారు 180 యూనిట్లు త్రాగును. ఇంటికంతకు ఉన్నది ఒకే మీటరు. ఫ్రిజ్జుకు పోయిన యూనిట్ ఏదో, కారునకు పోయిన యూనిట్ ఏదో ఆ మీటరు ఎరుగదు. చిక్కంతయు ఇక్కడనే ఉన్నది.

డిసెంబరు నెలలో ఈ ఇంటి వాడకము, కారు కాక, 200 యూనిట్లనుకొందము. కారుతో కలిపి 380. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి 2022-23 సంవత్సరమునకు గృహ వినియోగదారులకు నిర్ణయించిన ధరలు ఇవి: మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1 కి రూ. 1.90, 75 వరకు రూ. 3, 125 వరకు రూ. 4.50, 225 వరకు రూ. 6, 400 వరకు రూ. 8.75, ఆపైన రూ. 9.75. ఈ పట్టిక ప్రకారము 380 యూనిట్లకు రూ. 2,373 అగును. (స్థిర చార్జీలు, సుంకము, సర్దుబాటు చార్జీలు ఈ లెక్కలో చేర్చలేదు.) దీనిని 380 చే భాగించిన సగటున యూనిట్ రూ. 6.25. కారు వాటా 180 యూనిట్లకు రూ. 1,124, కిలోమీటరుకు 94 పైసలు. ఇదే ఆ ప్రసిద్ధమైన రూపాయి!

భాగహారములో తప్పు లేదు, కాని ప్రశ్నయే తప్పు. కారు లేనిచో ఆ ఇంటి బిల్లు ఎంత వచ్చెడిది? 200 యూనిట్లకు రూ. 867 మాత్రమే. అనగా కారు వచ్చినందువలన పెరిగిన ఖర్చు రూ. 1,506. యూనిట్ రూ. 8.37, కిలోమీటరుకు రూ. 1.26 పడినది. సగటు లెక్క ఈ పెరుగుదలలో కొంత భాగమును దీపములకు, ఫ్యానులకు, వంటయింటి మిక్సీకి పంచిపెట్టినది. చవకగా దొరకు మొదటి యూనిట్లను ఇంటికి దక్కనీయక కారునకు వాటా ఇచ్చినది.

ఇక మే నెల చూడుడు. కర్నూలు, కడపలలో ఉష్ణోగ్రత 43 డిగ్రీలు దాటు దినములు ప్రతి యేటను వచ్చును. ఏ.సి. యంత్రము రాత్రియంతయు ఆడును. ఇంటి వాడకము 380 యూనిట్లకు పెరిగినదనుకొన్నచో, కారుతో కలిపి 560. బిల్లు రూ. 4,108. ఇందులో కారు తెచ్చిన పెరుగుదల రూ. 1,735; కిలోమీటరుకు రూ. 1.45. కారు అదే, దారి అదే, దూరము అదే. మారినది పడకగదిలోని ఏ.సి. మాత్రమే! కంపెనీ కిలోమీటరుకు రూపాయి చొప్పున 900 రూపాయలిచ్చినచో, 900 కిలోమీటర్లకైన ఖర్చు రూ. 1,301. తక్కిన రూ. 401 కంపెనీ తరఫున ఆ కుటుంబము చెల్లించినదన్నమాట.

దీనికొక ఆక్షేపణ కలదు, అది తేలికగా తీసివేయదగినది కాదు. "కారును చివర చేర్చి లెక్కించుట ఏల? కారు జనవరిలో కొని, ఏ.సి. ఏప్రిల్‌లో కొన్నచో ఎక్కువ ధర ఏ.సి. కే పడవలెను గదా?" అని అడుగవచ్చును. నిజమే, తీగెలో ప్రవహించు విద్యుత్తుకు ముందు, వెనుక అను వరుస లేదు. కాని ఇక్కడ ప్రశ్న వ్యాపారము వలన ఇంటికెంత భారమైనదని. వ్యాపారము మానినచో ఎంత మిగులునో అదియే దానికి సమాధానము. ఏది ముందు కొన్నారను చరిత్ర దానికి అక్కరలేదు. సగటు పద్ధతిని పాటింపవలెనన్నచో పాటింపవచ్చును, కాని డిసెంబరులో ఒకటి, మే నెలలో లాభమైనది మరియొకటి పట్టుట లెక్క అనిపించుకొనదు.

రెండవ దోషము భౌతికశాస్త్రమునకు సంబంధించినది. కారులోని తెర "ఇన్ని యూనిట్లు ఖర్చయినవి" అని చూపును. పలువురు దానినే వ్రాసికొందురు. ఆ అంకె బ్యాటరీ నుండి బయటికి వచ్చిన శక్తిని చెప్పును. బిల్లు గోడనుండి పోయిన శక్తికి వచ్చును. ఇంటికి వచ్చునది ఏకాంతర విద్యుత్తు, బ్యాటరీ గ్రహించునది ఏకముఖ విద్యుత్తు. ఈ మార్పును కారులోని చార్జరు చేయునప్పుడు కొంత శక్తి వేడియగును. బ్యాటరీలో నింపునప్పుడు, తీయునప్పుడు మరికొంత పోవును. మొత్తము నష్టము సాధారణముగా నూటికి పది నుండి పదిహేను వరకు ఉండును. 12 పాలు పోయినవనుకొన్నచో గోడవద్ద 180 యూనిట్లు తెరమీద 158 గా కనబడును. తక్కిన 22 యూనిట్లకు బిల్లు రాకమానదు.

ఇంటి తీగెను కూడ మరువరాదు. పాత ఇండ్లలో మీటరునుండి వాకిటి ప్లగ్గు వరకు సన్నని తీగె లాగియుందురు. దాని నిరోధము 0.3 ఓము, ప్రవాహము 14 ఆంపియర్లు అయినచో వృథా యగు సామర్థ్యము 14 × 14 × 0.3, అనగా ఇంచుమించు 59 వాట్లు. మూడువేల చిల్లర వాట్లలో ఇది నూటికి రెండు పాళ్లకు లోపే. డబ్బుగా చూచిన స్వల్పమే కాని, తీగె గంటల తరబడి వేడెక్కుచుండుట స్వల్పము కాదు. తరగతిలో జౌల్ నియమము చెప్పునప్పుడు ఈ ఉదాహరణము పనికివచ్చును.

దీనికి ఉపాయము కష్టమైనది కాదు. కారు ప్లగ్గుకు ముందు ఒక చిన్న ఉపమీటరును బిగింపవలెను. దానిని తీగెకు మొదట, ఇంటి మీటరు ప్రక్కనే బిగించినచో తీగెలోని నష్టము కూడ లెక్కకు వచ్చును. నెల మొదట, నెల చివర ఉపమీటరు అంకెను, ప్రతి ప్రయాణమునకు కారు దూరమాపకపు అంకెను, పోయిన ఊరిని, పనిని ఒక పుస్తకములో వ్రాయవలెను. కిలోమీటర్ల నిష్పత్తిలో యూనిట్లను పంచుటలో కొంత స్థూలత లేకపోలేదు. కడపనుండి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాటు ఎక్కునప్పుడు 1,500 కిలోల కారునకు ప్రతి 100 మీటర్ల ఎత్తునకు 0.4 యూనిట్ అదనముగా కావలెను. దిగునప్పుడు అందులో కొంత భాగమే బ్యాటరీకి తిరిగి వచ్చును. నెల మొత్తముమీద ఇట్టి తేడాలు పెద్దవి కావు.

ఇంకొక మార్గము ప్రత్యేక కనెక్షను. ఇంటివద్ద చార్జింగు గృహ వినియోగము క్రిందికే వచ్చునని కేంద్ర విద్యుత్ మంత్రిత్వశాఖ 2022 జనవరి మార్గదర్శకములలో చెప్పినది. 2024 ఫిబ్రవరిలో సవరించిన వినియోగదారుల హక్కుల నియమములు, కోరినవారు కారు చార్జింగుకు వేరు కనెక్షను పొందవచ్చునన్నవి. చార్జింగు కేంద్రములకు 2022-23 పట్టికలో యూనిట్ ధర రూ. 6.70. ఆ ధరయే వర్తించినచో పై 180 యూనిట్లకు రూ. 1,206 అగును, ఇంటి మీటరుమీద డిసెంబరులో పడిన 1,506 కన్న, మే నెలలో పడిన 1,735 కన్న తక్కువ. పైగా బిల్లే సాక్ష్యమగును. తక్కువ వాడకము గల ఇంటికి మాత్రము ఇది లాభము కాకపోవచ్చును. ఎవరి అంకెలు వారు వేసి చూచుకొనవలెను.

సాక్ష్యము ఏల కావలెనన్నచో, 1961 ఆదాయపు పన్ను చట్టము 37వ సెక్షను పూర్తిగా వ్యాపారము కొరకైన ఖర్చునే అనుమతించినది. సొంత ఖర్చును త్రోసివేసినది. దాని స్థానమునకు 2026 ఏప్రిల్ 1 నుండి నిర్ణయింపబడిన 2025 చట్టము కూడ ఈ భేదమును విడువలేదు. ఇతర దేశములును సగటు అంకెతో తృప్తిపడలేకపోయినవి. బ్రిటన్ ప్రభుత్వము 2018లో విద్యుత్ కార్లకు మైలుకు 4 పెన్నీలని ఒకే రేటు పెట్టినది. 2025 సెప్టెంబరు 1 నుండి ఇంటి చార్జింగుకు 8, బయటి చార్జింగుకు 14 అని రెండుగా విడదీసినది. జర్మనీలో కంపెనీ కార్లను ఇంటివద్ద చార్జి చేయువారికి నెలకింతయని ఇచ్చు పద్ధతి 2025 చివరతో ముగిసి, మీటరుపై కొలిచిన యూనిట్లే ఆధారమైనవి.

ఇంటికప్పుపై సౌరఫలకములు గలవారు "మాకు విద్యుత్తు ఉచితము" అని కారు ఖర్చును సున్నగా వ్రాయుచున్నారు. రాయలసీమ ఎండకు ఈ మాట ఆకర్షణీయముగానే ఉండును. కాని నెట్ మీటరింగులో పగలు గ్రిడ్డుకు పంపిన యూనిట్ రాత్రి వాడిన యూనిట్‌ను రద్దుచేయును. ఆ యూనిట్‌ను కారు తిన్నచో ఏ.సి. కి పోయిన యూనిట్ రద్దు కాక బిల్లులో నిలుచును. మే నెలలో ఆ ఇంటి నికర వాడకము 225 దాటియున్నచో, కారు తిన్న సూర్యకాంతి వెల కూడ యూనిట్ రూ. 8.75 యే.