రెండోసారి పట్టుబడకుండా

తాగి బండి నడిపేవాణ్ని పట్టుకోవడం ఒక ఎత్తు, మళ్లీ ఆ పని చేయకుండా చూడటం ఒక ఎత్తు. అసలు పనితనం రెండోదానిలోనే ఉంది. హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసుల పద్ధతిని దగ్గరగా చూస్తే ఆ సంగతి తెలుస్తుంది.

రోడ్డు మీద మిషన్‌కు కొత్త గొట్టం తగిలించి ఊదిస్తారు. 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే కేసే. అంకె, తేదీ, టైమ్‌తో చీటీ చేతికొస్తుంది కాబట్టి వాదనకు తావుండదు. కోర్టుకు వెళ్లే ముందు గోషామహల్‌లోనో బేగంపేటలోనో ఉన్న ట్రాఫిక్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్‌లో కౌన్సెలింగ్ ఉంటుంది. అక్కడికి ఇంటివాళ్లను వెంటబెట్టుకుని రమ్మంటారు. ఈ పద్ధతికి ప్రాణం ఇదే. జరిమానాను ఇంట్లో తెలియకుండా కట్టేయవచ్చు. కానీ కట్టుకున్నదాని పక్కన, కన్నవాళ్ల పక్కన కూర్చుని తన తప్పు గురించి వినాల్సి వచ్చినప్పుడు దాచడానికి ఏమీ మిగలదు.

చట్టం కూడా గట్టిదే. మొదటిసారి దొరికితే 6 నెలల దాకా జైలు, లేదా 10 వేల జరిమానా, లేదా రెండూ. రెండోసారైతే 2 ఏళ్ల దాకా జైలు, లేదా 15 వేలు, లేదా రెండూ. కానీ వ్యసనంలో మునిగినవాడికి రేపటి జైలు కన్నా ఈ సాయంత్రపు సీసానే దగ్గర. శిక్ష వెంటనే పడితేనే పనిచేస్తుందన్న కిటుకును అమెరికాలోని సౌత్ డకోటా రాష్ట్రం 2005లో పట్టుకుంది. పదేపదే దొరికినవాళ్లు అక్కడ రోజూ పొద్దున, సాయంత్రం వచ్చి ఊదాలి. తాగినట్టు తేలితే అప్పటికప్పుడు లోపలేస్తారు, ఒకటి రెండు రోజులకు వదిలేస్తారు. శిక్ష చిన్నదే, తప్పించుకోవడం మాత్రం కుదరదు. ఈ పథకం అమలైన కౌంటీల్లో తాగి నడిపి మళ్లీ పట్టుబడేవాళ్ల అరెస్టులు 12 శాతం, గృహహింస అరెస్టులు 9 శాతం తగ్గాయని 2013లో ర్యాండ్ సంస్థ పరిశోధకులు లెక్క తేల్చారు.

మన అయిజ, గద్వాల వైపు ఇంకో చిక్కుంది. పాలమూరు పల్లెల్లో మందు కల్లు పాతరోగం. అందులో కలిపే ఆల్ప్రాజోలం, డైజిపామ్ ఊదుడు మిషన్‌కు అందవు. 2015లో కల్తీపై ప్రభుత్వం విరుచుకుపడి ఆ కల్లు దొరక్కుండా పోయినప్పుడు పాలమూరు, నిజామాబాద్ జిల్లాల్లో ఎందరో వణుకుతూ, పిచ్చిచూపులు చూస్తూ ఆసుపత్రుల పాలయ్యారు. మానెయ్యమని గద్దిస్తే మానేది కాదది, వైద్యం కావాలి.

అందుకే హైదరాబాద్ కౌన్సెలింగ్ ఒక్కటీ మనకు సరిపోదు. రెండోసారి దొరికినవాడికి రోజువారీ పరీక్ష, దానితోపాటే జిల్లా ఆసుపత్రిలో చికిత్స, రెండూ కోర్టు ఉత్తర్వులోనే ఉండాలి. కాపలా భారమంతా ఇల్లాలి మీద వేస్తే న్యాయం కాదు. ఈ ఏర్పాటు కోసం గద్వాల జిల్లా అధికారులను మనమే అడగాలి. ఈలోగా ఇంట్లో అలాంటి మనిషి ఉంటే ఆలస్యం చేయకండి. వ్యసన విముక్తికి ప్రభుత్వ ఉచిత హెల్ప్‌లైన్ 14446 ఉంది, ఫోన్ చేయండి.