విరూపాక్షుని అభ్యంతరం: చలనచిత్ర నిషేధాలు, ప్రేక్షక భావన

నాట్యశాస్త్రం ప్రథమాధ్యాయం ప్రకారం తొలి నాటక ప్రదర్శనే నిర్విఘ్నంగా సాగలేదు. ఇంద్రధ్వజోత్సవ సందర్భంలో దేవతలు దైత్యులను జయించిన కథను భరతుడు ప్రయోగించాడు. అది చూసి ఆగ్రహించిన దైత్యులు విరూపాక్షుణ్ణి ముందుంచుకొని, విఘ్నులతో కలిసి, నటుల వాక్కును, చేష్టలను, స్మృతిని స్తంభింపజేశారు. ఇంద్రుడు ధ్వజదండంతో వారిని జర్జరితులను చేసినా బెదిరింపులు ఆగలేదు. అప్పుడు బ్రహ్మ రెండు పనులు చేశాడు. విశ్వకర్మచేత నాట్యగృహం కట్టించి, దాని రక్షణకు దేవతలను నియమించాడు. ఆపై విఘ్నులను పిలిచి సామవాక్యాలతో మాట్లాడాడు. నాట్యం ఒక్క దేవతలదీ కాదు, ఒక్క దైత్యులదీ కాదు, అది ముల్లోకాల భావానుకీర్తనమని వారికి చెప్పాడు. ప్రదర్శన మానుకొమ్మని భరతునికి మాత్రం చెప్పలేదు.

ఈ ఘట్టాన్ని నాట్యోత్పత్తి కథగానో, పూర్వరంగ విధులకు మూలంగానో వివరించడం పరిపాటి. ప్రదర్శనపై దాడి జరిగినప్పుడు పాలకుడు ఏం చేయాలన్న ప్రశ్నకు సమాధానంగా కూడా దీనిని చదవవచ్చునని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. చలనచిత్ర నిషేధాలపై చర్చను మనం దాదాపు పూర్తిగా న్యాయశాస్త్రానికి వదిలివేశాం. నిషేధ ఉత్తర్వు పాలనాపత్రమే అయినా, అది ఒక కృతిని గురించిన పఠనం కూడా. ఈ దృశ్యం ఇలా అర్థమవుతుంది, చూసినవారు ఇలా ప్రవర్తిస్తారు అని అది నిర్ణయిస్తుంది. అర్థాన్ని, ప్రేక్షకుణ్ణి గురించి చేసే ఏ నిర్ణయమైనా సాహిత్య విమర్శ పరిధిలోకి వస్తుంది. న్యాయశాస్త్రం నా అధ్యయన రంగం కాదు. తీర్పులను ఇక్కడ ఆ దృష్టితోనే, పఠనాలుగానే చూస్తున్నాను.

తెలుగునాట ఈ చరిత్ర చలనచిత్రంతో మొదలు కాలేదు. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ 1922లో వెలువడిన కొద్దికాలానికే మద్రాసు ప్రభుత్వ నిషేధానికి గురైంది. ఆ నవల నిషేధపు నీడనుంచి పూర్తిగా బయటపడింది 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాకనే. రెండేళ్ళ తరువాత గూడవల్లి రామబ్రహ్మం దర్శకత్వంలో ‘రైతుబిడ్డ’ వచ్చింది. జమీందారీ వ్యవస్థలో రైతు దైన్యాన్ని బళ్ళారి రాఘవ ప్రధానపాత్రగా చూపిన ఈ చిత్రంపై జమీందారులు కన్నెర్ర చేశారు. వారి ఒత్తిడికి లొంగి కొన్ని ప్రాంతాలలో ప్రదర్శన నిలిపివేశారు. చిత్రాన్ని నిర్మించిన సారథి సంస్థ వెనుక ఉన్నది కూడా ఒక జమీందారే, చల్లపల్లి రాజా. కాబట్టి దీనిని కేవలం వర్గ వైరుధ్యంగా వివరించడం చాలదు. ‘మాలపల్లి’ని ప్రభుత్వం తన భయంతో తానే నిషేధించింది. ‘రైతుబిడ్డ’ విషయంలో భయం ఒకరిది, అధికారం మరొకరిది. స్వాతంత్ర్యానంతర నిషేధాలలో ఎక్కువ భాగం ఈ రెండవ కోవకు చెందినవే.

పుస్తక పాఠకుడికీ, చలనచిత్ర ప్రేక్షకుడికీ మధ్య గీత గీసినది 1970 నాటి కె.ఎ. అబ్బాస్ కేసు. తన లఘుచిత్రం ‘ఎ టేల్ ఆఫ్ ఫోర్ సిటీస్’కు అడ్డు తగిలిన ముందస్తు సెన్సారును అబ్బాస్ ప్రశ్నించారు. ప్రధాన న్యాయమూర్తి హిదాయతుల్లా తీర్పు ఆ సెన్సారును సమర్థించింది. ఇతర కళలకంటె చలనచిత్రం భావోద్వేగాలను తీవ్రంగా కదిలిస్తుందన్నది దానికి చెప్పిన ప్రధాన హేతువు. కళాత్మక విలువను సెన్సారు గుర్తించాలని కూడా ఆ తీర్పు కోరిన మాట నిజమే. అయినా, పుస్తకం పట్టుకున్నప్పుడు వివేకి అయిన మనిషి తెరముందు కూర్చోగానే వివేకం కోల్పోతాడన్న ఊహ దానిలో ఉన్నది. తోలుబొమ్మలాట, వీధినాటకం, బుర్రకథ చూసి పెరిగిన సమాజపు ప్రేక్షకానుభవం ఈ ఊహకు అందలేదు.

1980ల చివరలో ఈ దృష్టి మారింది. భీష్మ సహానీ నవల ఆధారంగా గోవింద్ నిహలానీ తీసిన ‘తమస్’ ప్రసారాన్ని ఆపాలన్న వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 1988లో తోసిపుచ్చింది. ఆ సందర్భంలో 1946 నాటి నాగపూర్ హైకోర్టు కేసులో జస్టిస్ వివియన్ బోస్ చెప్పిన ప్రమాణాన్ని స్వీకరించింది. ఒక రచన ప్రభావాన్ని వివేకం, మనోదార్ఢ్యం, ధైర్యం గల వ్యక్తి దృష్టితో అంచనా వేయాలి, చపలచిత్తుని దృష్టితో కాదు అన్నది దాని సారం. మరుసటి ఏడు, రిజర్వేషన్లను విమర్శించిన తమిళ చిత్రం ‘ఒరే ఒరు గ్రామత్తిలే’పై వచ్చిన రంగరాజన్ తీర్పు మరొక అడుగు వేసింది. ఊరేగింపులు, హింస జరుగుతాయన్న బెదిరింపు భావప్రకటనను అణచడానికి కారణం కాజాలదని, ప్రదర్శనకు రక్షణ కల్పించడమే రాజ్యం విధి అని చెప్పింది. బ్రహ్మ కట్టించిన నాట్యగృహమూ, దానికి పెట్టిన కాపలా ఇక్కడ గుర్తుకు వస్తాయి.

న్యాయస్థానం ఊహించిన ఈ దృఢచిత్తుణ్ణి మన లాక్షణికుల సహృదయునితో పోల్చాలని ఎవరికైనా అనిపిస్తుంది. పోలిక కొంతవరకే నిలుస్తుంది. అభినవగుప్తుని సహృదయుడు కావ్యాభ్యాసంచేత మనోముకురం నిర్మలమైనవాడు. అతని యోగ్యత సాధించుకున్నది. న్యాయస్థానపు ప్రేక్షకుడికి ఏ అభ్యాసమూ అక్కరలేదు. అతడు పౌరుడైతే చాలు. ప్రజాస్వామ్యంలో నేల టికెట్టు కొన్నవాడి యోగ్యతను పరీక్షించే అధికారం ఎవరికీ లేదు కనుక, సహృదయ భావనను ఇక్కడికి యథాతథంగా తెచ్చుకోవడం ప్రమాదకరమని నా అభిప్రాయం. అది అబ్బాస్ తీర్పులోని ఊహకే శాస్త్రగౌరవం కల్పిస్తుంది.

అభినవభారతిలోని రసవిఘ్న చర్చ ఇంతకన్న ఉపయోగకరం. ప్రదర్శితమైన సుఖదుఃఖాలను ఇవి నావి, లేదా ఇవి ఫలానా వ్యక్తివి అని దేశకాలాలకు కట్టివేసి చూడడం అభినవగుప్తుడు చెప్పిన ఏడు విఘ్నాలలో ఒకటి. సాధారణీకరణం జరగకపోవడమే దాని స్వరూపం. మనోభావాలు దెబ్బతిన్నాయన్న వినతిపత్రాలలో సర్వసాధారణమైన వాదం సరిగా ఇదే: ఈ పాత్ర మేమే. తేడా ఒక్కటే. లాక్షణికుడు దీనిని ఆస్వాదానికి ఆటంకంగా భావించి, పూర్వరంగంవంటి నాట్యోపాయాలతో తొలగించాలన్నాడు. ఆధునిక ప్రభుత్వం విఘ్నాన్నే ప్రమాణంగా తీసుకొని, నాట్యాన్ని తొలగిస్తున్నది.

ఇందుకు మన రాష్ట్ర చరిత్రలోనే స్పష్టమైన ఉదాహరణ ఉన్నది. సెన్సారు ధ్రువపత్రం పొందిన ‘ది డావిన్సీ కోడ్’ ప్రదర్శనను 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1955 నాటి సినిమాల క్రమబద్ధీకరణ చట్టం కింద నిలిపివేసింది. దానికి ఆధారం కొన్ని మతసంస్థల అభ్యంతరాలు. జస్టిస్ గోడా రఘురాం ఆ ఉత్తర్వును కొట్టివేశారు. అభ్యంతరం చెప్పినవారి అసహనాన్నే ప్రభుత్వం యాంత్రికంగా తన అభిప్రాయంగా ప్రకటించిందని, ఇతరుల స్వేచ్ఛపై కొందరి అతిసున్నితత్వం చేసే ప్రైవేటు సెన్సారును రాజ్యాంగం సహించదని తీర్పు సారాంశం. ఇక్కడ అధికారి సొంత పఠనమే లేదు. వినతిపత్రాన్ని ఉత్తర్వుగా ఎత్తిరాయడమే ఉన్నది. విమర్శలో పరుల అభిప్రాయాన్ని పరిశీలించకుండా తనదిగా చెప్పుకుంటే దానికి మనం పెట్టే పేరు వేరు. ఇంత స్పష్టమైన తీర్పు వచ్చిన ఐదేళ్ళకే ‘ఆరక్షణ్’ను ఉత్తరప్రదేశ్, పంజాబ్‌లతోపాటు ఆంధ్రప్రదేశ్ కూడా నిలిపివేసింది. ఉత్తరప్రదేశ్ ఉత్తర్వును సుప్రీంకోర్టు ఆ ఆగస్టులోనే రద్దు చేసింది. అయితే కొత్త చిత్రానికి మొదటి వారమే ఆయుఃప్రమాణం. గెలుపు చేతికొచ్చేనాటికి ఆ వారం గడిచిపోతుంది.

ఇంతవరకు విరూపాక్షుణ్ణి విఘ్నకారుడిగానే చూశాం. మూలంలో అతనికి ఒక వాదం కూడా ఉన్నది. దేవతల కోసం మమ్మల్ని కించపరిచే ఈ నాట్యవేదాన్ని సృష్టించావు, మేమూ నీనుంచి పుట్టినవారమే కదా అని అతడు బ్రహ్మను అడిగాడు. ఆ ప్రశ్న తేలికైనది కాదు. తన ఓటమి ఇతరులకు ఉత్సవవినోదం కావడాన్ని ఎవరు భరిస్తారు?

చలనచిత్రాన్ని కాసేపు పక్కనపెట్టి ‘చింతామణి’ నాటకాన్ని తలచుకోవలసింది ఇక్కడే. కాళ్ళకూరి నారాయణరావు వేశ్యాలోలతను ఖండించడానికి రాసిన ఈ నాటకాన్ని, ఆర్యవైశ్య సంఘాల విజ్ఞప్తులమీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో నిషేధించింది. వివాదమంతా సుబ్బిశెట్టి పాత్ర చుట్టూ తిరిగింది. ఈ ఫిర్యాదును అసహనంగా కొట్టిపారేయడం నాకు సమ్మతం కాదు. దశాబ్దాలపాటు నాటక సమాజాలు జనాకర్షణ కోసం సుబ్బిశెట్టి ఘట్టాలను పెంచి, మూలంలో లేని ద్వంద్వార్థ సంభాషణలు చేర్చి, సంస్కరణ నాటకాన్ని ఒక కులంపై పరిహాసంగా దిగజార్చిన మాట రంగస్థల పరిచయం ఉన్నవారికి తెలిసినదే. బాధ నిజమైనదే. కాని ఆ బాధకు కారణం నారాయణరావు గ్రంథమా, ప్రదర్శన సంప్రదాయమా అన్నది పాఠపరిష్కరణకు సంబంధించిన ప్రశ్న. అది మన శాఖలు చేయవలసిన పని. వివిధ ముద్రణలను, సమాజాల ప్రదర్శన ప్రతులను పోల్చి, ప్రక్షిప్తాలను గుర్తించి, ఆ పాత్రపై నిర్మొహమాటమైన విమర్శను మనం ముందే అందించి ఉంటే, ఫిర్యాదుదారులకు కలెక్టరేటు ఒక్కటే దిక్కయ్యేది కాదేమో. విరూపాక్షునితో బ్రహ్మ నెరపిన సంభాషణకు మన కాలపు రూపం విమర్శే అయితే, ఆ సంభాషణ ‘చింతామణి’ విషయంలో నిషేధానికి ముందు చాలినంత జరగలేదు.

రాజకీయ వ్యంగ్యం సంగతి వేరు. అక్కడ బాధితుడే తరచుగా బలవంతుడు. 1987లో ప్రభాకరరెడ్డి దర్శకత్వంలో వచ్చిన ‘మండలాధీశుడు’లో కోట శ్రీనివాసరావు ధరించిన పాత్ర అప్పటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావుకు అనుకరణ అని చూసిన ప్రతివారికీ తెలుసు. ఆయన అధికారంలో ఉండగానే అది ఆయన రాష్ట్రంలోనే విడుదలైంది. అబ్బాస్ తీర్పు భయపడిన ప్రేక్షకుడు ఆ సినిమాకు వచ్చి, అభిమానియైతే తిట్టుకుని, కాకపోతే నవ్వుకుని, ఇంటికి వెళ్ళాడు.

అదే రామారావు జీవితంలోని చివరి ఘట్టంపై రాంగోపాల్ వర్మ తీసిన ‘లక్ష్మీస్ ఎన్టీఆర్’ 2019 మార్చి 29న తెలంగాణలో విడుదలైంది. ఎన్నికల నేపథ్యంలో ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం హైకోర్టు ఉత్తర్వుతో ఆగిపోయింది. ఎన్నికల వేళ ప్రచారచిత్రాల నియంత్రణకు వేరే తర్కం ఉండవచ్చు. శాసనసభకు కూడా ఆంధ్రప్రదేశ్‌లో అప్పుడే ఎన్నిక జరిగిన మాటా నిజమే. కాని లోక్‌సభకు రెండు రాష్ట్రాలలోనూ పోలింగు ఏప్రిల్ 11నే జరిగింది. ఒకే భాష మాట్లాడే, ఒకే రోజు ఓటు వేసే ఇద్దరు ప్రేక్షకులలో కోదాడలో ఉన్నవాడు ఆ చిత్రాన్ని చూసి నిర్ణయించుకోగల వివేకి అయ్యాడు. సరిహద్దు దాటితే వచ్చే జగ్గయ్యపేటలో ఉన్నవాడు కాలేదు.