పుల్ల చెప్పే మాట

మాఘమాసం వచ్చిందంటే ఆర్మూర్ చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా పసుపు ఉడికే వాసనే. ఆ ఆవిరి బట్టలకు పట్టిందంటే ఓ పట్టాన వదలదు. ఇప్పుడు బాయిలర్లు వచ్చాయి గాని, నా చిన్నప్పుడు పెద్ద పెద్ద కడాయిల్లో ఉడకబెట్టేవాళ్లు. నురగ పొంగి ఆవిరి వాసన మారగానే మా పెద్దబాపు ఒక కొమ్ము తీసి పుల్ల గుచ్చేవాడు. సాఫీగా దిగితే మంట తీసెయ్యమనేవాడు. ఎంతసేపు ఉడకాలి పెద్దబాపూ అని అడిగితే, “గడియారం జూసి పసుపు ఉడకవెడ్తరా బిడ్డా? పుల్ల చెప్తది” అన్నాడు. తక్కువ ఉడికితే ఎండాక కొమ్ము పెళుసవుతుంది. ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది.

ఇప్పుడు నా చేతిలోనూ ఒక పుల్ల ఉంటుంది. ఆదివారం పొద్దున్నే వెనక గదిలో పాత పట్టా పరిచి, రంగులు కలుపుకుని కూర్చుంటాను. ఆక్రిలిక్ పోరింగ్ అంటారు దీన్ని. కుంచె ఉండదు. రంగుల్ని జారుగా కలిపి, కాన్వాసు మీద పోసి, అటూ ఇటూ వంచుతూ పారిస్తాం. చూసేవాళ్లకు పోయడమే పని అనిపిస్తుంది. పోయడం రెండు నిమిషాల్లో అయిపోతుంది. దానికి ముందు గంటసేపు కలపడమే అసలు పని.

ఒక పాలు రంగుకు, దాన్ని జారుగా చేసే పోరింగ్ మీడియం రెండు పాళ్లు వేసి, ఆపైన నీళ్లు చుక్కచుక్కగా పోస్తూ కలుపుతాను. పుల్ల ఎత్తితే ధార తెగకుండా జారాలి. జారిన ధార గిన్నెలో చిన్న గుట్టలా నిలిచి, ఒకటి రెండు సెకన్లలో కలిసిపోవాలి. నిలిచే ఉంటే ఇంకా చిక్కన. పడగానే మాయమైతే పలచనైపోయినట్టు. నీళ్లు మరీ ఎక్కువైతే రంగును పట్టి ఉంచే జిగురు బలహీనపడుతుంది. ఇదంతా దోసెల పిండి కలిపిన చేతికి కొత్త విద్యేం కాదు. కష్టమల్లా నాలుగు రంగులూ ఒకే జారుకు రావడంలో ఉంది. ఒక్కటి చిక్కగా ఉన్నా మిగతావాటితో పారదు, అడ్డంగా కూర్చుంటుంది.

రసమట్టం పెట్టి కాన్వాసు మట్టం చూసుకుంటాను. రంగులన్నీ ఒకే గ్లాసులో పొరలుగా పోసి, కాన్వాసును గ్లాసు మీద మూతలా పెట్టి, రెండూ కలిపి బోర్లిస్తాను. పన్నెండు అంగుళాల చదరానికి 150 మిల్లీలీటర్ల రంగు చాలు. గ్లాసు ఎత్తగానే నల్లని మడుగులోంచి తెల్లటి వలయాలు విచ్చుకుంటాయి, వాటి నడుమ పసుపు కళ్లు తెరుస్తుంది. మొదటిసారి చూసినప్పుడు పెద్దబాపు వంగి చాలాసేపు నిలబడ్డాడు. “కడాయిల నురగ లెక్కున్నది గదనే” అన్నాడు. నా బొమ్మ గురించి ఇంతవరకూ ఎవరూ అంత సరిగ్గా చెప్పలేదు.

అదంతా అదృష్టమే కదా, నీదేముంది అనేవాళ్లూ ఉన్నారు. నేను ఒప్పుకోను. 1936లో న్యూయార్క్‌లో మెక్సికో చిత్రకారుడు సికీరోస్ తన వర్క్‌షాపులో రంగు మీద రంగు పోసి ఇలాంటి వలయాలే రప్పించాడు. యువ చిత్రకారుడు జాక్సన్ పొలాక్ కూడా అక్కడ పనిచేశాడు. దాన్ని యాదృచ్ఛిక చిత్రణ అన్నారు. 2015లో మెక్సికో భౌతికశాస్త్రజ్ఞులు అదే ప్రయోగం చేసి కారణం చెప్పారు: పైన పోసిన తెలుపు కిందున్న నలుపు కంటే బరువు. బరువైనది దిగుతుంది, తేలికైనది పైకి తోసుకొస్తుంది. ఆ తోపులాటే వలయం. ఏ రంగు కింద, ఏ రంగు పైన అని నిర్ణయించేది మాత్రం పోసే మనిషే.

బరువు సంగతి అలా ఉంటే, రంగు చిక్కదనాన్నే కళగా మార్చిన తెలుగువాడు మనకున్నాడు. చిత్తూరు దగ్గరి నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ దగ్గర చదివి, పారిస్‌లో హేటర్ నడిపిన ప్రింట్ల వర్క్‌షాపు ‘అతెలియె 17’లో చేరాడు. అప్పట్లో రంగుల ప్రింటు తియ్యాలంటే రంగుకొక పలక కావాల్సి వచ్చేది. ఆ బృందం ఒకే లోహపు పలక మీద రంగులన్నీ వేసే దారి కనిపెట్టింది. సిరాలో అవిసె నూనె పాళ్లు మారుస్తారు. నూనె ఎక్కువున్న పలచని సిరా, మీద పూసే చిక్కటి సిరాను అంటనివ్వదు. అంతే కిటుకు. కృష్ణారెడ్డి శిల్పం చెక్కినట్టు పలకను లోతులుగా చెక్కి, గట్టి రోలరుతో మిట్టలకొక రంగు, మెత్తని రోలరుతో పల్లాలకొక రంగు పట్టించేవాడు. 1963లో చేసిన ‘వర్ల్‌పూల్’ చూస్తే సుడి ఇంకా తిరుగుతున్నట్టే ఉంటుంది. 1972లో పద్మశ్రీ వచ్చింది, 2018లో న్యూయార్క్‌లో కన్నుమూశాడు. మన బడిపిల్లలకు ఆయన పేరు తెలియాలని నా కోరిక. నూనె చుక్కలు లెక్కపెట్టుకుంటూ బతికిన మనిషిని తలుచుకుంటే, నీళ్లచుక్క దగ్గర నా చెయ్యి తొందరపడదు.

ఒకసారి మన పసుపునే తెల్లరంగులో కలిపాను. ఆర్మూర్ బొమ్మలో ఆర్మూర్ పసుపే ఉండాలని పట్టుదల. ఆక్రిలిక్‌లో కాస్త క్షారగుణం ఉంటుంది. సున్నం తగిలితే పసుపు పారాణి అయినట్టు, ఇదీ ఎరుపుకు తిరిగింది. కిటికీ ఎదురుగా తగిలిస్తే కొన్ని నెలలకే ఎండకు వెలిసి, పాత చీరకొంగులా మిగిలింది. ఆ కాన్వాసు ఇంకా ఉంచుకున్నాను. ఆ పసుపు మా చేలోది, పారెయ్యబుద్ధి కాలేదు.

ఇంకోసారి మే నెలలో మందంగా పోసి, తొందరగా ఆరాలని ఫ్యాను పెట్టాను. పైన మీగడ కట్టింది, లోపల పచ్చిగానే ఉంది. తెల్లారేసరికి నడిమధ్య బీటలు. కల్లంలో పసుపు పది పదిహేను రోజులు ఎండాలని తెలిసిన ఇంట్లో పుట్టి కూడా ఒక్క రాత్రి ఆగలేకపోయాను.

నిన్న పోసిన కాన్వాసులో మా ఆర్మూర్ సిద్ధులగుట్ట రాళ్ల నలుపు, తెలుపు, కొన్న పసుపు రంగు ఉన్నాయి. రాత్రి పడుకునే ముందు చూస్తే ఒక పసుపు పాయ నల్లటి అంచు దాకా వచ్చి, ఇంకా సన్నగా కదులుతూనే ఉంది. ఫ్యాను వెయ్యలేదు. దుమ్ము పడకుండా పైన అట్టపెట్టె బోర్లించి, తలుపు దగ్గరగా వేసి వచ్చాను.