ఆపడంలోనూ ఉంది పనితనం

ఉప్పల్ స్టేడియంలో తొలి వన్డే 2005 నవంబరు 16న, భారత్, దక్షిణాఫ్రికాల మధ్య. చప్పట్లన్నీ బ్యాటుకీ బంతికీ పోయాయి. పచ్చిక కోసేవాళ్లకు ఎవరు కొడతారు? నా చప్పట్లు మాత్రం కూర్చుని నడిపే గడ్డి మిషన్‌ను ఓపిగ్గా ఆపే మనిషికే. ముందు బ్లేడ్లు ఆపుతాడు. చదును చోట బ్రేకు వేసి, రేసు తగ్గించి, ఇంజన్‌ను కాసేపు నెమ్మదిగా తిరగనిస్తాడు. ఫుల్ రేసులో తాళం తిప్పేస్తే, ఇంజన్ ఆగేలోపు లాక్కున్న పెట్రోలు మండకుండానే వేడి సైలెన్సర్‌లోకి పోయి ఢామ్మంటుంది. (పెట్రోలు ఆపే సోలనాయిడ్ ఉన్న మోడళ్లకు కంపెనీ పుస్తకంలో ఉన్నట్టే చెయ్యాలి.) నాచారం పారిశ్రామికవాడలో జనరేటర్ ఆపడానికీ ఇలాంటి పద్ధతే: లోడు తీసి, ఖాళీగా తిప్పి, ఆపడం. మన మిషన్ మనిషి తాళంచెవి జేబులో వేసుకున్నాకే కింద అంటుకున్న గడ్డి గీకుతాడు.