శ్రమలో సత్‌ప్రవర్తన: 1 పేతురు 4:19 వెలుగులో మన డెల్టా ప్రసంగములు

గోదావరి మన ప్రాంతమునకు అన్నము పెట్టు తల్లి. అదే గోదావరి మన ఇండ్లను ముంచిన సందర్భములును కలవు. 1986 ఆగస్టులో ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా వరద ప్రవహించినది. 1996 నవంబరు 6న వచ్చిన తుఫాను కోనసీమ కొబ్బరితోటలను నేలకూల్చినది. వెయ్యిమందికి పైగా మరణించిరి. 2022 జూలైలో భద్రాచలము వద్ద నీటిమట్టము 71 అడుగులు దాటగా దిగువనున్న లంక గ్రామములు నీట మునిగినవి. ఇట్టి దినముల తరువాత వచ్చు ఆదివారమున సంఘము కాపరి నోటివైపు చూచును. అప్పుడు మన వేదికలనుండి వినబడు బోధను వాక్యపు గీటురాయిపై పరీక్షించుటయే ఈ వ్యాసోద్దేశము.

రెండు ప్రసంగములు

సాధారణముగా రెండు విధములైన ప్రసంగములు వినబడును. మొదటిది తీర్పు ప్రసంగము: ఈ ఊరి పాపమును బట్టియే ఈ ఉపద్రవము వచ్చెనని. ఇది యోబు స్నేహితుల వాదము. దేవుడు ఆ స్నేహితులపై కోపించెనని యోబు 42:7 సాక్ష్యమిచ్చుచున్నది. సిలోయము గోపురము కూలి మరణించినవారు ఇతరులకంటె ఎక్కువ పాపులు కారని ప్రభువు తేటగా చెప్పెను (లూకా 13:4-5). ఆయన ఆ వార్తను వినువారి మారుమనస్సుకు పిలుపుగా మార్చెనే గాని చనిపోయినవారిపై నేరారోపణగా మార్చలేదు. పైగా మన డెల్టాలో మొదట మునుగునవి పల్లపు పేటలు. అక్కడ నివసించువారు అధికముగా కూలీలు, కౌలుదారులు, దళిత విశ్వాసులు. పల్లములో ఇల్లు కట్టుకొనవలసి వచ్చుటను వారి పాపముగా లెక్కించు బోధ అన్యాయపు బోధ.

రెండవది ఆశీర్వాద ప్రసంగము: విశ్వసించి కానుక వేసినయెడల పోయినదంతయు రెండంతలుగా తిరిగి వచ్చునని. యోబు 42వ అధ్యాయము దీనికి ఆధారముగా చూపబడును. అయితే యోబు దేవునితో బేరమాడి దానిని పొందలేదు. వరి గింజ మొలకెత్తిపోయి అప్పు మిగిలిన కుటుంబమునకు ఈ బోధ రెండవ భారమగును. ఏలయనగా పంట పోయినందుకు దుఃఖముతోపాటు విశ్వాసము చాలలేదన్న నిందను కూడ ఆ కుటుంబము మోయవలసి వచ్చును.

పేతురు మాట

1 పేతురు 4:19లో అపొస్తలుడు శ్రమపడువారికి రెండు పనులు చెప్పుచున్నాడు: ఆత్మలను దేవునికి అప్పగించుకొనుట, సత్‌ప్రవర్తన కలిగియుండుట. మన వాడుక బైబిలులో సత్‌ప్రవర్తన అని ఉన్నచోట గ్రీకులో ‘అగథొపొయియా’ అను పదము కలదు. దీని అర్థము మేలు చేయుట. దీని క్రియారూపము ఇదే పత్రికలో 2:15, 2:20, 3:6, 3:17లలో కనబడును. తెలుగులో సత్‌ప్రవర్తన అనగానే మనకు చెడు అలవాట్లు లేకుండుట, నెమ్మదిగా ఉండుట స్ఫురించును. పేతురు ఉద్దేశము అంతకంటె విస్తారమైనది. శ్రమలో ఉన్నవాడే ఇతరులకు మేలు చేయవలెను. ఓర్చుకొనుట మాత్రమే గాక లేచి పనిచేయుట కూడ ఇందులో ఉన్నది.

‘అప్పగించుకొనుట’ అనునది విలువైన వస్తువును నమ్మకస్థుని యొద్ద దాచి ఉంచుటకు వాడు పదము. సిలువపై ప్రభువు తన ఆత్మను తండ్రికి అప్పగించినప్పుడు లూకా 23:46లో వాడబడినదియు ఈ క్రియయే. దేవుని సృష్టికర్త అని పిలుచు ‘క్తిస్తేస్’ అను నామవాచకము క్రొత్త నిబంధన అంతటిలో ఇక్కడ మాత్రమే కనబడును. నీళ్లను, నేలను చేసినవాడు నమ్మకస్థుడు గనుక ప్రాణమును గూర్చిన చింత ఆయనయొద్ద ఉంచి, చేతులను పొరుగువాని కొరకు ఖాళీ చేసికొనవచ్చును.

ఇచ్చట ఒక ఆక్షేపణ రావచ్చును. పేతురు చెప్పినది క్రీస్తు నామము నిమిత్తమైన శ్రమనుగూర్చి గదా, వరదకు దానిని అన్వయించుట న్యాయమా? ఈ ఆక్షేపణ సరియైనదే. తుఫానులో మరణించినవానిని హతసాక్షి అని చెప్పుట తగదు. అయితే శ్రమ యొక్క కారణము వేరైనను శ్రమలో విశ్వాసి నడవవలసిన మార్గము వేరు కాదు. క్లౌదియ కాలమున కరువు వచ్చునని విన్న అంతియొకయ సంఘము అది ఎవరి పాపమని అడుగలేదు, ఎవరికి ఎంత శక్తి కలదో అంత పంపుటకు నిశ్చయించుకొనెను (అపొ. 11:28-30).

మన చరిత్ర నుండి

1833 ప్రాంతపు కరువు మన జిల్లాలను ఎంతగా కృశింపజేసెనో చరిత్ర చెప్పుచున్నది. ఆ దురవస్థను చూచిన ఆర్థర్ కాటన్ దాని కారణమును ప్రజల పాపములో గాక, సముద్రములోనికి వృథాగా పోవు నీటిలో వెదకెను. 1847లో మొదలైన ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. నరసాపురము కేంద్రముగా సేవచేసిన విలియం బౌడెన్, జార్జి బీరు 1836లో ఇంగ్లండు నుండి వచ్చినవారు. ఆనకట్ట పనికి వచ్చిన కూలీల మధ్య కూడ సువార్త ప్రకటింపబడెను. ప్రకటించుటయు మేలు చేయుటయు ఒకే గట్టుపై జరిగినవి.

అయినను కాటనును దేవదూతగా చిత్రించుట విమర్శకు నిలువదు. కంపెనీ ప్రభుత్వము శిస్తు పెరుగునన్న ఆశతోనే ధనమిచ్చెను. రాళ్లు మోసిన కూలీల పేర్లు ఏ శిలాఫలకముపైనను లేవు. నీరు వచ్చిన తరువాత భూమి లేనివారు భూమి లేనివారిగానే మిగిలిరి. మేలు చేయుట న్యాయమును కూడ అడుగవలెనని ఇది మనకు నేర్పుచున్నది.

పరీక్షా స్థలము

సత్‌ప్రవర్తనకు నిజమైన పరీక్ష సహాయపు బియ్యము దిగిన రోజున జరుగును. నష్టపోని ఇంటిని జాబితాలో చేర్చుట, మన సంఘస్థులకు ముందు ఇచ్చి పొరుగు పేటను మరచుట, దుప్పటి ఇచ్చి బాప్తిస్మము అడుగుట, లెక్క చూపకుండుట — ఇవి చిన్న విషయములు కావు. దొంగగా బాధపడకూడదని పేతురు 4:15లో హెచ్చరించినది విశ్వాసులనే. యెరూషలేము చందా విషయములో పౌలు ఎవరును తప్పుపట్టకుండునట్లు తోడుగా ఇతరులను పెట్టుకొనెను (2 కొరింథీ 8:20-21). మేలు అందరికిని, విశేషముగా విశ్వాస గృహమునకు చేరినవారికి చేయవలెనని గలతీ 6:10 చెప్పుచున్నది. మనము ‘విశేషముగా’ అను మాటను పట్టుకొని ‘అందరికిని’ అను మాటను విడిచిపెట్టుట తగదు.

కావున సేవకులకును విద్యార్థులకును మా మనవి ఇది. వరద తరువాతి ఆదివారమున కారణములు ప్రకటించుటకు తొందరపడకుడి. మొదట దుఃఖించువారితో దుఃఖించుడి. తరువాత సంఘమును సృష్టికర్తకు అప్పగించుడి. పిమ్మట జాబితాను సంఘ పెద్దలయెదుట, పొరుగు పేటవారు కూడ వినునట్లు బిగ్గరగా చదివించుడి. ఆ జాబితా నమ్మదగినదైతే మన ప్రసంగము కూడ నమ్మదగినదగును.